మూసీలో పారుతున్నది ఎవరి నీళ్లు?

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్‌ను చీల్చుకుంటూ వెళ్లి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసేసరికి సుమారు 240 కిలోమీటర్లు పారుతుంది. పటంలో కనిపించే నది ఇదే. మండువేసవిలో చాదర్‌ఘాట్ వంతెన కింద పారే నీళ్లకు మాత్రం అనంతగిరితో దాదాపు సంబంధం ఉండదు. ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు మూసి ఉన్నంతకాలం నగరంలోని మూసీకి సొంత ప్రవాహం అంటూ పెద్దగా లేదు. ఆ రోజుల్లో అక్కడ పారేవి నగరం తెచ్చుకుని, వాడుకుని, వదిలేసిన నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు, ఎల్లంపల్లి నుంచి వచ్చిన గోదావరి నీళ్లు, మంజీర నీళ్లు, అపార్టుమెంట్ల బోర్లు తోడిన భూగర్భజలం, అన్నీ వంటిళ్లు, స్నానాలగదులు, మరుగుదొడ్ల మీదుగా చివరికి అక్కడికే చేరతాయి.

వీటిలో కృష్ణ నీళ్ల ప్రయాణం విచిత్రమైనది. సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి, ఆ తరువాత దశలవారీగా పంపుల మీద నగరానికి చేరతాయి. వాడకం అయ్యాక మూసీలో పడి, నల్లగొండ జిల్లా మీదుగానే కిందికి దిగి, సాగర్ ఆనకట్టకు దిగువన తిరిగి కృష్ణలోనే కలుస్తాయి. ఆ దిగువన పులిచింతల ఉంది, దాని దిగువన ప్రకాశం బ్యారేజీ ఉంది. అంటే నీటి పునర్వినియోగం కొత్తగా మొదలుపెట్టవలసిన పనేమీ కాదు. అది ఇప్పటికే జరుగుతోంది. కాకపోతే పథకం అంటూ లేకుండా, కిందివారికి చెప్పకుండా, పూర్తి శుద్ధి లేకుండా జరుగుతోంది. కాబట్టి నీటిని తిరిగి వాడాలా వద్దా అన్న చర్చ వృథా. ఎంత శుభ్రం చేసి వదలాలి, శుభ్రమైన నీటి మీద మొదటి హక్కు ఎవరిది అన్నవే తేలవలసిన ప్రశ్నలు.

ముందు పరిమాణం సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ప్రాంతంలో రోజుకు సుమారు 1,950 మిలియన్ లీటర్ల మురుగునీరు తయారవుతుందన్నది 2021 నాటి శుద్ధి కేంద్రాల ప్రణాళికకు ఆధారమైన అంచనా. రోజువారీ లీటర్లలో చెబితే ఈ అంకె బుర్రకెక్కదు. సాగునీటి భాషలోకి మారిస్తే ఏడాదికి దాదాపు 25 టీఎంసీలు. గండిపేట చెరువు పూర్తి సామర్థ్యం 3.9 టీఎంసీలు, సూర్యాపేట దగ్గర సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సామర్థ్యం సుమారు 4.46 టీఎంసీలు. నగరం ఏటా వదిలే నీటితో గండిపేట ఆరుసార్లు నిండుతుంది. పైగా ఈ 25 టీఎంసీలు వానలను నమ్ముకున్నవి కావు. కరవు ఏడాదిలోనూ, మే నెలలోనూ, అర్ధరాత్రి కొంత తగ్గి పొద్దున ఆరింటికి ఎగదన్నుతూ, రోజూ వస్తూనే ఉంటాయి. ఇంత నికరమైన నీటివనరు తెలంగాణలో మరొకటి వెతికినా దొరకదు.

ఆ నీళ్లను పైకి తెచ్చిన ఖర్చు కూడా చూడాలి. సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన కూర్చుని ఉంది. వెయ్యి లీటర్ల నీటిని 350 మీటర్లు పైకెత్తడానికి భౌతికశాస్త్రం లెక్కన దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. పంపులు, మోటార్ల నష్టాలు, వంద కిలోమీటర్లకు పైబడిన పైపులైనులో రాపిడి కూడా కలిపితే ఒకటిన్నర యూనిట్ల దాకా పోతుంది. అదే వెయ్యి లీటర్ల మురుగునీటిని మామూలు జీవశుద్ధితో బాగుచేయడానికి అర యూనిట్ అటూఇటూగా సరిపోతుంది. దక్కన్ పీఠభూమి మీదికి కష్టపడి ఎక్కించిన నీటిని ఒక్కసారి వాడి కిందికి జారవిడవడం, మళ్లీ కొత్త నీటి కోసం మరో దశ పైపులైను వేయడం నాలుగైదు దశాబ్దాలుగా నగరానికి అలవాటైపోయింది. ప్రతి కొత్త దశకూ శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. మురుగునీటి పైపు మరమ్మతుకు శిలాఫలకం వేసినవారు అరుదు.

మురుగునీరు అనగానే మనసు వెనక్కి తగ్గుతుంది గాని, తూకం వేసి చూస్తే అందులో వెయ్యికి 999 పాళ్లు నీరే. మిగిలిన ఒక్క పాలులోనే మలినమంతా ఉంటుంది: మలమూత్రాలు, అన్నం మెతుకులు, నూనె, సబ్బు నురగ, ఇసుక, వాటితో పాటు రోగకారక సూక్ష్మజీవులు. దీన్ని శుభ్రం చేసే పద్ధతి మూలసూత్రం కూడా పాతదే. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 1914లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మురుగునీటిలోకి గాలిని ఊది, అడుగున పేరుకున్న బురదను పారేయకుండా తరువాతి విడత నీటిలో మళ్లీ కలుపుతూ పోయారు. ఆ బురదలో బలిసిన బ్యాక్టీరియా మలినాన్ని గంటల వ్యవధిలోనే తినేయడం గమనించారు. పెరుగు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు చెంచాడు దాచుకున్నట్టే ఇది. ఇవాళ ప్రపంచంలోని పెద్ద శుద్ధి కేంద్రాల్లో ఎక్కువ భాగం ఈ సూత్రానికి రూపాంతరాలే.

హైదరాబాద్‌లో ఇటీవల కడుతున్న కేంద్రాల్లో వాడుతున్న సీక్వెన్షియల్ బ్యాచ్ రియాక్టర్, పొట్టిగా ఎస్‌బీఆర్, ఆ వంశంలోదే. ముందు జల్లెడలు ప్లాస్టిక్ సంచులను, గుడ్డముక్కలను, షాంపూ పొట్లాలను ఆపుతాయి. ఇసుక విడిగా కిందికి దిగుతుంది. తరువాత ఒకే తొట్టిలో అన్ని పనులూ వంతులవారీగా జరుగుతాయి. నీరు నిండుతుండగానే అడుగున ఉన్న సన్నని రంధ్రాల గొట్టాల నుంచి గాలి బుడగలు లేస్తాయి, తొట్టి అంతా గోధుమరంగు కషాయంలా కుతకుతలాడుతుంది. కొంతసేపటికి గాలి ఆపేస్తారు. బురద ముద్దలుముద్దలుగా కట్టి నెమ్మదిగా అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీరు మిగులుతుంది. ఆ తేటను పైనుంచి మెల్లగా వంచి, క్లోరిన్ కలిపి బయటికి వదులుతారు. ఒక విడత కొన్ని గంటల్లో ముగుస్తుంది. గాలి ఇచ్చే యంత్రాలకే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి, బిల్లు భారం పెరిగినచోట మొదట ఆగేవి అవే. యంత్రం ఆగిన తొట్టిలో బ్యాక్టీరియా ఎంతోసేపు బతకదు. కట్టడం నిలబడి ఉంటుంది, శుద్ధి మాత్రం జరగదు.

అంబర్‌పేటలోని రోజుకు 339 మిలియన్ లీటర్ల పాత కేంద్రం, నాగోలులోని 172 మిలియన్ లీటర్ల కేంద్రం మరో పద్ధతిలో కట్టినవి. వాటిలో మొదటి దశ గాలి లేకుండా, బయోగ్యాస్ ప్లాంటు తరహాలో జరుగుతుంది. కరెంటు తక్కువ పడుతుంది, కానీ ఒక్క దానితో పని పూర్తికాదు, ఆ వెనుక మరో దశ తప్పనిసరి. చుట్టుపక్కల వారికి కుళ్లిన గుడ్డు వాసన అదనం. 2021 నాటికి ఉన్న పాత కేంద్రాలన్నీ కలిపితే 772 మిలియన్ లీటర్లే. మొత్తం మురుగులో సగానికి కూడా చాలేవి కావు. ఆ లోటు పూడ్చడానికి 2021లో రూ.3,866 కోట్లతో 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యం గల 31 కొత్త కేంద్రాలకు మంజూరు ఇచ్చారు. కాగితం మీది కూడిక సరిపోయింది: 2,031 మిలియన్ లీటర్ల సామర్థ్యం, 1,950 మిలియన్ లీటర్ల మురుగు. అయితే శుద్ధి కేంద్రం తన గడప దాకా వచ్చిన నీటినే శుభ్రం చేయగలదు. హైదరాబాద్‌లో మురుగు కాలువకు, వరద కాలువకు మధ్య గీత ఏనాడో చెరిగిపోయింది. పైపులైన్లు లేని కాలనీల మురుగు నాలాల్లో కలుస్తుంది, వాన పడినప్పుడు వరదనీరు మ్యాన్‌హోళ్లలోకి దూరుతుంది. జోరువాన రోజున కేంద్రానికి మోయలేనంత నీరు వస్తుంది, మిగతా రోజుల్లో రావలసినదంతా రాదు. ఇంటింటికీ వేసే చిన్న మురుగు పైపులు ఈ లెక్కలో అందరికన్నా తక్కువ పేరొచ్చే ఖర్చు, అందరికన్నా ముఖ్యమైన ఖర్చు.

శుద్ధి అయిన నీటి నాణ్యతను ఎక్కువగా బీఓడీ అనే కొలతతో చెబుతారు. నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ లాగేసుకుంటాయన్నది దాని అర్థం. ఇళ్ల మురుగులో అది లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మంచి కేంద్రం దాన్ని 10కి దించగలదు. నది స్నానానికి పనికిరావాలంటే 3 మించకూడదు. 10కీ 3కీ మధ్య తేడాను తీర్చవలసినది నదిలో పారే మంచినీరు. వేసవి మూసీలో ఆ మంచినీరు లేదు కనుక, కేంద్రాలన్నీ నూటికి నూరుపాళ్లు పనిచేసినా మూసీ స్నానయోగ్యం కాదు. తీరాల సుందరీకరణ బొమ్మల్లో ఈ చిన్న కూడిక కనిపించదు.

బీఓడీ చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. నీటిలో కరిగిన ఉప్పును బ్యాక్టీరియా తినదు. ఎంత పైకి లాక్కొచ్చినా, ఎన్ని తొట్లలో తేర్చినా అది నీటితోనే ఉంటుంది. మందుల అవశేషాలదీ చాలావరకు అదే దారి. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టి పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆ తరువాతి ఏళ్లలో పటాన్‌చెరు వ్యర్థజలాలను పైపులైను ద్వారా నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. పలచబరిస్తే అంకెలు తగ్గుతాయన్నది నిజమే గాని, మొత్తం బరువు తగ్గదు; ఇళ్ల మురుగును తినే బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ తినిపించడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు. ఇళ్ల మురుగు శుద్ధికి లొంగే పదార్థం, పరిశ్రమల వ్యర్థం చాలాసార్లు లొంగనిది. రెండూ కలిస్తే మొదటిదీ పాడవుతుంది. ఫ్యాక్టరీ గేటు దాటకముందే దాని సంగతి తేల్చడం ఒక్కటే దారి.

నగరం దిగువన నదికి సొంత శుద్ధి ఒకటి ఉంది. మూసీ మీద పాతకాలపు చిన్న ఆనకట్టలు వరసగా ఉన్నాయి. వాటిని అక్కడి జనం కత్వలు అంటారు. ప్రతి కత్వ వెనుక నీరు నిదానించి, బరువైన మలినం అడుక్కి దిగుతుంది. కత్వ మీది నుంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. డిటర్జెంట్ల పుణ్యమా అని ఆ దూకేచోటే తెల్లని నురగ గుట్టలుగా లేచి, గాలివాటానికి పొలాల మీదికి కొట్టుకొస్తుంది. పటాన్‌చెరులో కార్యాలయం నడిపిన అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థకు చెందిన పరిశోధకులు ఈ ప్రవాహాన్ని కొలిచి, నగరం నుంచి 40 కిలోమీటర్లు దిగేసరికి బీఓడీ, మలసంబంధ బ్యాక్టీరియా గణనీయంగా తగ్గుతున్నట్టు గుర్తించారు. సాగు కోసం కట్టిన రాళ్ల కట్టలు కోట్ల రూపాయల తొట్లు చేసే పనిలో కొంత ఉచితంగా చేసిపెడుతున్నాయన్నమాట. ఉప్పు మాత్రం అక్కడా తగ్గదు.

ఈ నీటి చుట్టూ ఒక బతుకుతెరువే అల్లుకుంది. పీర్జాదిగూడ, కాచవానిసింగారం, ప్రతాపసింగారం, కొర్రెముల వైపు మూసీ ఒడ్డున పారాగడ్డి మళ్లు ఉన్నాయి. ఏడాది పొడవునా కోతకొచ్చే ఆ గడ్డి మోపులుగా కట్టి, నగరంలోని పాడి పశువుల కొట్టాలకు వెళుతుంది. ఆ పాలు నగరంలోని టీ కొట్లకే చేరతాయి. పాలకూర, తోటకూర, కొత్తిమీర మళ్లు కూడా ఉన్నాయి. ఇంకా దిగువన బునాదిగాని, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డి కాలువల కింద వరి పండుతుంది. ఫ్లోరైడ్ బోరునీళ్లతో దశాబ్దాలు అల్లాడిన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, మూసీ నీళ్లు నల్లగా ఉన్నా ఎండాకాలం ఆగనివి కావడమే రైతుకు వరం. నీటిలోనే నత్రజని ఉంటుంది కనుక యూరియా ఖర్చు కొంత మిగులుతుంది. అదే నత్రజని ఎక్కువైతే పైరు ఏపుగా లేచి, గింజ పట్టకముందే పడిపోతుంది. నగరానికి దగ్గరి మళ్లలో వరి వదిలి గడ్డికి మళ్లడానికి ఇదొక కారణం. దీని మూల్యం వేరేచోట కనిపిస్తుంది: మురుగు పారే మళ్లలో ఒట్టికాళ్లతో పనిచేసేవారికి పేగుల్లో చేరే కొంకిపురుగు (హుక్‌వార్మ్) సోకే ప్రమాదం ఎక్కువని ఇక్కడే జరిగిన అధ్యయనాలు తేల్చాయి.

ఇక్కడే విధానపరమైన చిక్కు మొదలవుతుంది. శుద్ధి చేసిన నీటిని పరిశ్రమలకు, నిర్మాణాలకు, పార్కులకు అమ్మాలన్న ఆలోచన నగరానికి ఆదాయం తెచ్చేదే. సూరత్ నగరం 2014 నుంచి పాండేసరా పారిశ్రామికవాడకు రోజుకు 40 మిలియన్ లీటర్లు ఇలాగే ఇస్తోంది. చెన్నైలో 2019లో కొడుంగైయూర్, కోయంబేడుల వద్ద ఒక్కోటి 45 మిలియన్ లీటర్ల చొప్పున రివర్స్ ఆస్మోసిస్ (ఆర్‌ఓ, అంటే సన్నని పొరల గుండా నీటిని నెట్టి ఉప్పును సైతం వడగట్టే పద్ధతి) కేంద్రాలు ప్రారంభమయ్యాయి. ఆ నగరాల్లో వదిలేసిన నీటికి దిగువన ఉండేది సముద్రం. హైదరాబాద్‌కు దిగువన ఉన్నవి ఊళ్లు. నగరం తన 25 టీఎంసీలను తిరిగి లాక్కుంటే, మురికిగానైనా వస్తున్న నీళ్లు ఆ కాలువలకు రాకుండా పోతాయి. మూసీ రైతులు అడుగుతున్నది నీళ్లు ఆపమని కాదు, బాగుచేసి వదలమని. పునర్వినియోగం లక్ష్యం 50 శాతమనో 70 శాతమనో ప్రకటించేముందు ఈ కాలువల కింది ఆయకట్టును లెక్కలో చేర్చకపోతే, నీటి ఆదా పేరుతో పల్లె నుంచి పట్నానికి మరో మళ్లింపు జరిగినట్టే.

పల్లెకు ఇవ్వడంలోనూ పద్ధతులున్నాయి. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల కర్ణాటకలోని కోలారు ప్రాంతానికి 2018 నుంచి బెంగళూరు రెండోదశ దాకా, అంటే బ్యాక్టీరియాతో శుద్ధి చేసిన నీటిని రోజుకు 440 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో పంపి, గొలుసుకట్టు చెరువులు నింపే పథకం నడుస్తోంది. నీరు నేరుగా పొలానికి కాకుండా ముందు చెరువులో నిలిచి, మట్టిలోంచి ఇంకి, బావిలోకి చేరుతుంది. ఎండిపోయిన బోర్లలో నీళ్లు కనిపించాయి. మరోవైపు, శుద్ధి చాలదని, మూడోదశ కూడా చేసి ఇవ్వాలని అక్కడివారు అభ్యంతరం చెప్పారు, వ్యవహారం కోర్టుకూ వెళ్లింది. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది: చెరువులో చేరిన మలినాన్ని వచ్చే వాన కడిగేస్తుంది, భూగర్భజలంలో చేరినదాన్ని కడగడానికి తరాలు పట్టవచ్చు. కోల్‌కతా తూర్పు చిత్తడి నేలలది మరో దారి. దాదాపు 12,500 హెక్టార్లలో మత్స్యకారులు నగర మురుగును లోతులేని చెరువుల్లోకి తగుమాత్రం వదిలి, ఎండ, నాచు చేత శుద్ధి చేయించి చేపలు పెంచుతున్నారు. 2002లో ఆ నేలలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మూసీ కత్వల వెనుక ఉన్న నీటి మడుగులను ఆ కోణంలో చూడవలసినంతగా ఎవరూ చూడలేదు.

అదే నీటిని తాగునీటి స్థాయికి తెచ్చి నగరానికే తిరిగి ఇవ్వవచ్చుగదా అన్న ప్రశ్న రావచ్చు. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచీ ఆ పని చేస్తోంది, సింగపూర్ 2003 నుంచి చేస్తోంది. సాంకేతికంగా అసాధ్యం కాదు. సింగపూర్ పద్ధతిలో పొరల వడపోతకు లొంగని గాఢమైన ఉప్పునీరు మిగులుతుంది, దానికి పక్కనే సముద్రం ఉంది. పీఠభూమి మధ్యన ఉన్న నగరానికి ఆ ఉప్పునీటిని ఎక్కడ పోయాలన్నది పెద్ద తలనొప్పి. ప్రతి వంటింట్లో గోడకు వేలాడే ఆర్‌ఓ యంత్రం ఈ సమస్యను చిన్నరూపంలో రోజూ చూపిస్తూనే ఉంటుంది: ఒక బిందె మంచినీటికి ఒకటి రెండు బిందెలు సింకులోకి. ప్రస్తుతానికి హైదరాబాద్‌కు తగినది ఇంతకన్నా సులువైనది. తాగునీటి నాణ్యత అక్కరలేని పనులకు, అంటే టాయిలెట్ ఫ్లష్‌కు, ఏసీ కూలింగ్ టవర్లకు, కాంక్రీటు పనులకు, మొక్కలకు తాగునీరు వాడకుండా ఉండటం. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో సొంత మురుగు శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు), రెండు వరసల పైపులు ఇందుకే పెట్టించారు. కొన్నిచోట్ల ఫ్లష్ నీటిలో వాసన వస్తోందని నివాసులు గొడవ చేయడం, ఆపరేటరు ఎస్టీపీ ఆపేసి ట్యాంకరు పిలిపించడం, శుద్ధి కాని నీరు రాత్రిపూట నాలాలోకి వెళ్లడం కూడా తెలిసిన కథే. చిన్న శుద్ధి కేంద్రానికీ పెద్దదానికి ఉన్నంత నైపుణ్యం కావాలి. ఆ జీతం ఇవ్వడానికి అసోసియేషన్లకు మనసొప్పదు.

శుద్ధి గురించి ఇంత చెప్పుకున్నాక, శుద్ధి అక్కరలేకుండా చూసుకునే పని ఎంత చవకో కూడా గండిపేట దగ్గరే కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను (గండిపేట చెరువు ఇదే) 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను 1927లో పూర్తిచేశారు. వరద ఆపడానికి కట్టిన చెరువులే తాగునీరు కూడా ఇచ్చాయి. గండిపేట నీరు పంపు అవసరం లేకుండా పల్లానికి జారుతూ కాలువ ద్వారా ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. ఆ ఏర్పాటుకు ఎత్తిపోత ఖర్చు సున్న. ఆ నీరు పాడవకుండా, చెరువులకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. నగరానికి వేరే చోట్ల నుంచి నీళ్లు వస్తున్నాయి గనుక ఈ చెరువుల అవసరం తీరిపోయిందన్నది అందుకు చెప్పిన కారణం. వంద కిలోమీటర్ల అవతలి నీటి కోసం వెయ్యి లీటర్లకు ఒకటిన్నర యూనిట్ల దాకా కరెంటు కాలుస్తున్న నగరానికి, జారుకుంటూ వచ్చే నీటి అవసరం తీరిందనడం విడ్డూరంగా ఉంది. పైగా మూసీలో మురుగు పలచబడటానికి ఎగువ నుంచి విడవగలిగిన మంచినీరు ఉన్నది ఆ రెండు చెరువుల్లోనే. వాటి పరీవాహకంలో రేపు కాలనీలు లేస్తే, ఆ మురుగుకు మరికొన్ని శుద్ధి కేంద్రాలు కట్టాలి. చెరువులో చేరే ప్రతి చుక్కనూ ముందు అనుమానించాలి.

మూసీ బాగుపడిందో లేదో చెప్పడానికి సాధారణంగా అంబర్‌పేట, నాగోలు కేంద్రాల బయటి గొట్టం దగ్గర పట్టిన నమూనాల అంకెలు చూపిస్తారు. గొట్టం దాకా రాని మురుగు ఆ అంకెల్లో ఉండదు. వాడపల్లి సంగమం దగ్గర, అదీ తొలకరి వరద ఇంకా రాని మే నెలలో పట్టిన నమూనాలో అన్నీ ఉంటాయి: నాలాల్లోంచి దొంగదారిన వచ్చినది, కత్వలు తేర్చినది, పొలాల నుంచి తిరిగి పారినది, తేరకుండా మిగిలిన ఉప్పు. వాడపల్లి భక్తులు స్నానం చేసే సంగమం. స్నానపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన గరిష్ఠ పరిమితి 100 మిల్లీలీటర్లకు 2,500 మల కోలిఫాంలు, అంటే మలంతో వచ్చే బ్యాక్టీరియా. అక్కడి నుంచి ఆ నీరు పులిచింతలకు, ప్రకాశం బ్యారేజీకి, విజయవాడ కుళాయిలకు, డెల్టా కాలువలకు వెళుతుంది.